మీ ప్రశ్నలు – ఆరోగ్యం: ఉప్పు ప్యాకెట్ ఎన్నాళ్లకు అయిపోతోంది?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బీపీ, షుగర్ చుట్టూనే తిరిగాయి. ఏం తినాలి, ఏం మానాలి అని అడిగినవాళ్లే అంతా. ఎంత అని అడిగినవాళ్లు ఒకరిద్దరే. అందుకే ఈసారి జవాబుల్లో గ్రాములు, చెంచాలు, నిమిషాలు కాస్త ఎక్కువ కనిపిస్తాయి. మందుల మోతాదు మార్చడం మాత్రం మిమ్మల్ని చూస్తున్న డాక్టరు పని, దాని జోలికి మేం వెళ్లం.

ప్రశ్న: మావారికి బీపీ ఉందని డాక్టరు గారు ఉప్పు తగ్గించమన్నారు. కూరల్లో ఉప్పు తక్కువే వేస్తాను. ఆవకాయ లేకపోతే ఆయనకు ముద్ద దిగదు. మామూలు ఉప్పు మానేసి సైంధవ లవణం వాడితే సరిపోతుందా? – ఒక గృహిణి, తణుకు

జవాబు: ముందుగా ఒక లెక్క వేసుకోండి. మనిషికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే తలకొట్టిన టీ చెంచాడు. ఇంట్లో నలుగురుంటే నెలకు 600 గ్రాములు. కిలో ప్యాకెట్ విప్పిన రోజున దాని మీదే తేదీ రాసిపెట్టండి. నెల తిరక్కుండానే ఖాళీ అయితే, మీరు తక్కువే వేస్తున్నాననుకుంటున్నా చెయ్యి బాగానే పడుతోందన్నమాట. పచ్చళ్లలోకి, వడియాల్లోకి విడిగా కొన్న ఉప్పు ఈ లెక్కలోకి రాలేదని కూడా గుర్తుంచుకోండి.

ఇక ఆవకాయ. కిలో ముక్కలకు ఆవపిండి, కారం, ఉప్పు తలా 200 గ్రాములు, అర లీటరు నూనె పోశారనుకుందాం. మొత్తం కలిపి రెండు కిలోలు దాటుతుంది, అందులో ఉప్పు సుమారు పదో వంతు. ఒక ముక్క, దానికి అంటుకున్న పిండి కలిసి 20 గ్రాములు ఉంటే 2 గ్రాముల ఉప్పు లోపలికి వెళ్లినట్టే. రెండు పూటలా వేసుకుంటే 4 గ్రాములు. కూర, పప్పు, చారు, మజ్జిగ అన్నీ కలిపి మిగిలింది ఒక్క గ్రాము! అప్పడం, ఊరమిరపకాయ, ఎండుచేప కూడా ఇదే జాతి. పునుగులు, బజ్జీల్లో వేసే వంటసోడాలోనూ సోడియం ఉంటుంది, నాలుకకు తెలియదంతే.

ఆవకాయ పూర్తిగా మాన్పిస్తే నాలుగు రోజుల్లో మళ్లీ జాడీ దగ్గరికే వెళతారు. దానికన్నా ఒక పూటకే పరిమితం చేయండి, అదీ ఒక చిన్న ముక్క. ఆ పూట పప్పులో ఉప్పు సగానికి తగ్గించి వండండి, ఎలాగూ ఆవకాయ కలుపుకుంటారు కాబట్టి చప్పగా అనిపించదు. పెరుగన్నంలోకి ఉప్పు వేసుకోవడం, కంచం పక్కన ఉప్పు డబ్బా పెట్టుకోవడం మానిపించండి. కూరల్లో ఒక్కసారిగా సగం తగ్గించకుండా ఇప్పుడు పడేదానిలో నాలుగో వంతు తగ్గించండి. నాలుక అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది, ఆ తర్వాత ఇంకో నాలుగో వంతు. నిమ్మరసం, ఉల్లికారం, వేయించిన జీలకర్ర పొడి, కరివేపాకు ఉప్పు లోటును బాగా కప్పిపుచ్చుతాయి. ఉప్పు డబ్బాలో చేత్తో తీయకుండా ఒక టీ చెంచా వేసి ఉంచండి. గుప్పిట్లో ఎంత వచ్చిందో ఎవరికీ తెలియదు.

సైంధవ లవణం సంగతి. అది కూడా దాదాపు మొత్తం సోడియం క్లోరైడే. రంగు, రుచి ఇచ్చే మిగతా ఖనిజాలు లేశమాత్రం. పైగా అయోడిన్ కలపనిదైతే గొంతులోని థైరాయిడ్ గ్రంథికి అవసరమైనది అందదు. ఖరీదు పెట్టి కొన్నందువల్ల బీపీ తగ్గదు. "తక్కువ సోడియం" అని అమ్మే ఉప్పు వేరు. అందులో కొంత సోడియం బదులు పొటాషియం ఉంటుంది, బీపీకి అది నిజంగానే మేలు చేస్తుంది. కానీ కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్, ఎనలాప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లు డాక్టరును అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. మీవారి చీటీలో వీటిలో ఏదైనా ఉందేమో చూడండి, టెల్మిసార్టాన్ మన దగ్గర చాలామంది వాడే మాత్రే.

ఒక హెచ్చరిక. ఎండలో చెమటోడ్చే కూలీలకు, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడే డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లకు ఈ లెక్కలు యథాతథంగా అంటగట్టకండి. పెద్దవాళ్లు ఉప్పు పూర్తిగా మానేసి, మగతగా, తికమకగా మాట్లాడుతూ ఆసుపత్రికి చేరడం అరుదేమీ కాదు.

ప్రశ్న: బీపీ మిషన్ కొన్నాం. పొద్దున 152/94, పది నిమిషాలాగి చూస్తే 136/86. క్లినిక్‌లో 160 అంటారు. మిషన్ పాడైందా? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: మిషన్ పాడై ఉండదు, చూసుకునే పద్ధతిలోనే తేడా ఉండి ఉంటుంది. పట్టీ కట్టిన చోటు గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే అంకె 7, 8 పాయింట్లు పెరుగుతుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకునేవాళ్లకు ఇదే జరుగుతుంది. కాలు మీద కాలు వేసుకున్నా, మధ్యలో మాట్లాడినా, మూత్రం ఆపుకుని కూర్చున్నా పెరుగుతుంది. చొక్కా చెయ్యి పైకి మడిచి, ఆ మడత బిగుసుకున్న చోట పట్టీ కట్టినా తప్పే.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసేది పట్టీ కొలత. మిషన్‌తో పాటు వచ్చేది సాధారణంగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. భుజానికీ మోచేతికీ మధ్య టేపు చుట్టి చూడండి. 34 ఉంటే ఆ పట్టీ చిన్నది, ఉన్నదానికన్నా ఎక్కువ బీపీ చూపిస్తుంది. పెద్ద పట్టీ విడిగా దొరుకుతుంది. మణికట్టుకు కట్టే మిషన్లు వద్దు, చేతిని ఏ ఎత్తులో పట్టుకున్నారన్న దాన్ని బట్టి వాటి అంకె మారిపోతుంది.

ఇలా చూసుకోండి. లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ, టిఫిన్, మాత్ర ఏదీ పడకముందే కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలమీద ఆన్చి, చెయ్యి బల్లమీద పెట్టుకుని ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఫోను, పేపరు వద్దు. పట్టీ కింది అంచు మోచేతి మడత కన్నా రెండు వేళ్లు పైన ఉండాలి. ఒకసారి చూసి, నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండూ రాయండి. రాత్రి పడుకోబోయే ముందు మళ్లీ ఇలాగే రెండు. ఏడు రోజులు. మొదటి రోజువి వదిలేసి మిగతా 24 రీడింగులు కూడి సగటు తీయండి. ఇంట్లో చూసిన సగటు 135/85 దాటితే బీపీ ఉన్నట్టు. క్లినిక్‌లో అయితే 140/90 హద్దు, అక్కడ కంగారుతో కాస్త పెరుగుతుందని తెలుసు కాబట్టే ఈ తేడా. మొదటిసారి మాత్రం రెండు చేతులకూ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఇకముందు చూసుకోండి. రెంటికీ తేడా 10 పాయింట్ల పైన ఉంటూ ఉంటే డాక్టరుకు చెప్పండి.

నచ్చని అంకె వస్తే నచ్చేదాకా చూస్తూ కూర్చోవడం, చివరిది మాత్రమే పుస్తకంలో రాయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. ఆ పుస్తకం డాక్టరుకు పనికిరాదు. 180/120 దాటితే ఐదు నిమిషాలాగి మళ్లీ చూడండి. దాంతో పాటు ఛాతీ నొప్పి, ఆయాసం, మాట తడబడటం, మూతి వంకర, చెయ్యో కాలో పడిపోవడం లాంటివి ఏవి ఉన్నా మళ్లీ చూడటం కూడా వద్దు, 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. హెచ్‌బీఏ1సీ 6.1 వచ్చింది, బార్డర్‌లో ఉందన్నారు. అన్నం మానేసి పొద్దున రాగిజావ, రాత్రి కొర్రన్నం తింటున్నాను. ఫాస్టింగ్ 98. హిమోగ్లోబిన్ 9.2. షుగర్ వస్తుందని భయంగా ఉంది. – ప్రైవేటు ఉద్యోగిని, అనంతపురం

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన అంకెను చివర్లో, ఏదో మాటవరసకన్నట్టు రాశారు. హిమోగ్లోబిన్ 9.2 అంటే రక్తహీనత. హెచ్‌బీఏ1సీ అనేది ఎర్ర రక్తకణాల్లో ఉండే హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చెప్పే పరీక్ష. ఐరన్ లోపంలో కణాలు మామూలు కన్నా ఎక్కువ కాలం తిరుగుతుంటాయి కాబట్టి అంకె పైకి పోతుంది. మీ 6.1లో కొంత ఐరన్ లోపానిదే కావచ్చు. ముందు రక్తహీనతకు కారణం వెతికించుకోండి. నెలసరి ఎక్కువ అవుతోందా అన్నది మీ వయసులో మొదటి ప్రశ్న. షుగర్ తేల్చుకోవడానికి 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటలకు చేసే పరీక్ష అడగండి. 140 లోపు మామూలు, 140 నుంచి 199 ముందస్తు దశ, 200 అంతకు మించితే షుగర్. ఐరన్ మాత్ర వేసుకుంటే కాఫీ, టీలకు గంట ముందూ వెనకా దూరంగా ఉండండి, లేకపోతే సగం మందు వృథా.

ఇక తిండి. 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. జొన్నలు, రాగులు, సామలు, అరికెల్లో 65 నుంచి 68. తేడా ఉంది, కానీ అంత గొప్పగా లేదు. అసలు లాభం పీచులో ఉంది: రాగుల్లో 11 గ్రాములు, జొన్నల్లో 10, పాలిష్ బియ్యంలో 3 కూడా ఉండదు. మీరేమో ఆ రాగుల్ని మెత్తగా పిండి పట్టించి, నీళ్లలో ఉడికించి, గ్లాసులో పోసుకుని తాగుతున్నారు. అంత మెత్తగా అయ్యాక అరగడానికి పెద్ద సమయం పట్టదు, రక్తంలో చక్కెర గబగబా పెరుగుతుంది. బెల్లం వేస్తే చెప్పనక్కర్లేదు. అదే రాగిపిండి సంగటి ముద్దగా, పక్కన పప్పో ఆకుకూరో చేపల పులుసో పెట్టుకుని నమిలి తింటే వేరు. మీ జిల్లాలో ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు! పొద్దుటికి జావ బదులు పెసరట్టు మంచిది, ఉప్మా లేకుండా. పెసలలో 100 గ్రాములకు 20 గ్రాముల పైన ప్రొటీన్ ఉంటుంది. కొర్రలు కొనేటప్పుడు మరీ పసుపుపచ్చగా మెరిసిపోయేవి కాకుండా తవుడు కాస్త మిగిలినవి చూడండి.

అన్నం మానక్కర్లేదు, కొలవాలి. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లది, దాన్నిండా బియ్యం సుమారు 150 గ్రాములు. ఆ కప్పు ఇద్దరు పంచుకుంటే ఒక్కొక్కరికి 58 గ్రాముల పిండిపదార్థం. అది ఒక పూటకు ఎక్కువే. ముగ్గురు పంచుకుంటే ఫర్వాలేదు. మన భోజనంలో చిక్కేమిటంటే పప్పుతో ఒకసారి, కూరతో ఒకసారి, చారుతో, పెరుగుతో మళ్లీ మళ్లీ అన్నం పెట్టుకుంటాం. ఒక్కసారే కంచంలో పెట్టుకుని, దాన్నే నాలుగు భాగాలుగా చేసుకోండి. కూర కంచంలో సగం ఉండాలి, బంగాళదుంప, చేమదుంప ఆ సగంలోకి రావు. ముందుగా కూర, పప్పు కొంత ఊరికే తిని, తర్వాత అన్నం కలుపుకుంటే తిన్నాక చక్కెర పెరుగుదల తగ్గుతుంది. చెయ్యి కడుక్కున్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే ఇంకా తగ్గుతుంది.

ముందస్తు దశ అని తేలినా భయం వద్దు. చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం ఈ దశలో ఉన్నవాళ్లనే మూడేళ్ల పాటు చూసి 2006లో ఫలితాలు ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్ రావడం 28.5 శాతం తగ్గింది, బరువు పెద్దగా తగ్గకపోయినా సరే. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో తగ్గుదల 26.4 శాతం. రెండూ ఒకదానికొకటి తీసిపోలేదు.

ప్రశ్న: ఇంగ్లండ్‌లో ఉంటున్నాను. నాకు ఇక్కడ ఫాస్టింగ్ 5.9, హెచ్‌బీఏ1సీ 43 అని ఇచ్చారు. ఖమ్మంలో మా నాన్నగారికి ఫాస్టింగ్ 118, హెచ్‌బీఏ1సీ 6.2. ఎవరిది ఎక్కువో కూడా అర్థం కావట్లేదు. – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, రీడింగ్ (ఇంగ్లండ్)

జవాబు: అక్కడి కొలమానం, ఇక్కడిది వేరు. ఫాస్టింగ్‌ను 18తో గుణించండి. మీ 5.9 అంటే మన లెక్కలో 106. హెచ్‌బీఏ1సీకి గుణకారం పనిచేయదు, రెండు గుర్తులు పెట్టుకోండి: 42 అంటే 6 శాతం, 48 అంటే 6.5 శాతం. మీ 43 ఇంచుమించు 6.1, మీ నాన్నగారిది మీ లెక్కలో 44. అంటే ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు. తేడా ఏమిటంటే ఆయన వయసు వేరు, మీ వయసు వేరు. ఆ దశకు మీరు ఆయన కన్నా చాలా ముందే చేరారు. ఇంకో పొరపాటు తరచుగా జరుగుతుంది: అక్కడ ఫాస్టింగ్ 6.5 అని చూసి, హెచ్‌బీఏ1సీ 6.5 అనుకుని షుగర్ వచ్చేసిందని కంగారుపడతారు. ఫాస్టింగ్ 6.5 అంటే 117 మాత్రమే. అక్కడ ఫాస్టింగ్‌లో షుగర్ హద్దు 7, ఇక్కడ 126, రెండూ ఒకటే.

ప్రశ్న: నాకు 58. రోజూ పదివేల అడుగులు నడవమంటారు. ఆరువేలు దాటితే మోకాళ్లు నొప్పి. నొప్పి మాత్ర వేసుకుని మరీ నడుస్తున్నాను. బీపీ కూడా ఉంది. – చిన్న వ్యాపారి, మంచిర్యాల

జవాబు: ఆ మాత్ర పేరు రాయలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, అసిక్లోఫెనాక్ లాంటిదైతే ఈ రోజే ఆపి డాక్టరుతో మాట్లాడండి. అవి బీపీ పెంచుతాయి, బీపీ మాత్రల పనిని దెబ్బతీస్తాయి, రోజూ వేసుకుంటే కిడ్నీల మీద పడతాయి. బీపీ తగ్గాలని నడుస్తూ, నడవడం కోసం బీపీ పెంచే మాత్ర మింగుతున్నారన్నమాట.

పదివేల లెక్క ఏ వైద్య పరిశోధనలోనూ పుట్టలేదు. 1960ల్లో జపాన్‌లో ఒక పెడోమీటరును అమ్ముకోవడానికి చేసిన ప్రచారంలో పుట్టింది. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలు. చురుగ్గా అంటే పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. దీన్ని ఒకేసారి నడవక్కర్లేదు. పొద్దున పది, మధ్యాహ్నం భోజనం తర్వాత పది, రాత్రి పది నిమిషాలు. మీ వైపు ఎండాకాలం పొద్దున ఏడు దాటాక బయట నడక పెట్టుకోకండి.

మోకాలికి కావాల్సింది తొడ బలం, అది నడక ఒక్కదానితో రాదు. కదలని, గట్టి కుర్చీ ఒకటి గోడకు ఆనించండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని లేచి నిలబడండి, నెమ్మదిగా మూడు లెక్కబెడుతూ కూర్చోండి. ధబ్బున కూలబడితే ఉపయోగం పోతుంది, కిందికి దిగేటప్పుడే కండరం ఎక్కువ పనిచేస్తుంది. మోకాళ్లు లోపలికి వాలకుండా పాదం దిశలోనే ఉండాలి. మొదట ఎనిమిదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ ఎనిమిది. లేవలేకపోతే కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి, బలం వచ్చాక తీసేయండి. తర్వాత వెల్లకిలా పడుకుని, ఒక మోకాలు మడిచి, రెండో కాలు నిటారుగా అడుగు ఎత్తుకు లేపి ఐదు లెక్కబెట్టి దించండి. కాలికి పదిసార్లు. వారానికి మూడు రోజులు చేస్తే ఆరేడు వారాల్లో మెట్లెక్కేటప్పుడు తేడా తెలుస్తుంది. చేశాక ఉండే కొద్దిపాటి నొప్పి మర్నాటికి పోవాలి. పోకపోతే సంఖ్య తగ్గించుకోండి. మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినట్టు ఆగిపోయినా వ్యాయామం కాదు, ఎముకల డాక్టరు కావాలి.

ప్రశ్న: రిఫైన్డ్ నూనె మానేసి గానుగ నూనె వాడుతున్నాం. పూరీలు వేయగా మిగిలిన నూనె పారబొయ్యాలంటే ప్రాణం ఉసూరుమంటుంది. – ఒక గృహిణి, కర్నూలు

జవాబు: పారబొయ్యక్కర్లేదు, అలాగని మళ్లీ పూరీలకూ వద్దు. చల్లారాక గుడ్డలో వడగట్టండి, అడుగున మాడిన పిండి రేణువులుంటే నూనె తొందరగా పాడవుతుంది. ఒకటి రెండు రోజుల్లో కూర పోపులకు వాడేయండి. పాత నూనెలో కొత్తది కలిపి సీసా నింపడం మాత్రం చేయకండి, కొత్తది కూడా చెడుతుంది. నురగ వచ్చినా, బూరెల పాకంలా జిగురుగా అనిపించినా, మునుపటి కన్నా ముందే పొగ లేచినా ఇక అది పనికిరాదు. మూకుట్లో నూనె మొదటే తక్కువగా పోసుకుంటే మిగిలేదే తక్కువ.

గానుగ నూనెకు వాసన, రుచి బాగుంటాయి. కానీ కొవ్వు కొవ్వే, పెద్ద చెంచాడుకు 120 కేలరీలు దాంట్లోనూ ఉంటాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రోజంతటి పళ్లెంలో మనిషికి పెట్టిన నూనె 27 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు. నలుగురికి నెలకు మూడున్నర లీటర్ల లెక్క. ఐదు లీటర్ల డబ్బా నెలకు చాలట్లేదంటే నూనె ఏ రకం అన్న చర్చ తర్వాత. పల్లీ, నువ్వుల, తవుడు నూనెలు మార్చిమార్చి వాడుకోండి.

ప్రశ్న: మా అత్తగారు చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతారు. అంగిట్లో తెల్లగా మచ్చలున్నాయి, నొప్పి లేదంటారు. మాన్పించడం ఎలా? – ఒక కోడలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఇతర ప్రాంతాల పాఠకుల కోసం: చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకుని పీల్చడాన్ని అడ్డపొగ అంటారు. ఉత్తర కోస్తాలో ఆడవాళ్లలో ఎక్కువ. నిప్పు అంగిలికి దగ్గరగా ఉండటంతో వేడీ పొగా రెండూ అక్కడే తగులుతాయి. వేరేచోట్ల అరుదుగా వచ్చే అంగిలి క్యాన్సర్ ఈ అలవాటు ఉన్నవాళ్లలో అందుకే కనిపిస్తుంది.

నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు, మొదట్లో ఉండదు. పగటి వెలుతురులో నోరు బాగా తెరిపించి చూడండి. తెల్లటి పొరలో ఎర్రటి చుక్కలు ఈ అలవాటు ఉన్నవాళ్లలో మామూలే. మధ్యలో ఎర్రగా ఒలిచినట్టున్న చోటు, గడ్డలా లేచిన చోటు, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆలస్యం చేయకుండా పళ్ల డాక్టరుకు చూపించి, అవసరమైతే పరీక్షకు చిన్న ముక్క తీయించాలి (బయాప్సీ). పీహెచ్‌సీలో 30 దాటినవాళ్లకు నోటి పరీక్ష ఉచితం.

మాన్పించడంలో గొడవ పడితే చాటుగా తాగుతారు. ఆమె ఏయే వేళల్లో తాగుతున్నారో చూడండి: లేవగానే, అన్నం తినగానే, పనికి వెళ్లే ముందు. అన్నం తర్వాతి చుట్టతో మొదలుపెట్టండి, ఆ వేళకు లవంగమో సోంపో నోట్లో వేసుకోమనండి. మానిన మొదటి మూడు నాలుగు రోజులు చిరాకు, నిద్ర పట్టకపోవడం ఎక్కువ, తర్వాత తగ్గుతాయి. తల్లడిల్లేంత కోరిక కూడా కొద్ది నిమిషాల్లోనే దిగిపోతుంది. నికోటిన్ గమ్ వాడితే చూయింగ్‌గమ్‌లా నమలకూడదు. చురుక్కుమనేదాకా నమిలి బుగ్గలో నొక్కిపెట్టాలి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, అరగంట పాటు ఇలాగే. పళ్లు లేని పెద్దవాళ్లకు ఇది కష్టం, డాక్టరు వేరే మార్గం చెబుతారు. పొగాకు మానాలనుకునేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ 1800 11 2356, సిగరెట్ పెట్టెల మీద ముద్రించేది ఇదే.

ప్రశ్న: మా ఆయనకు మూడు రకాల బీపీ మాత్రలు వాడుతున్నా తగ్గట్లేదు. రాత్రి గురక వీధి చివరికి వినిపిస్తుంది. దానికీ దీనికీ సంబంధం ఉందా? – విజయవాడ

జవాబు: ఉంది. గురక మధ్యలో ఒక్కసారిగా నిశ్శబ్దమై, కొన్ని క్షణాల తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్లీ మొదలవుతోందా? పగలు కూర్చున్నచోటే కునుకు పడుతోందా? అయితే నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందన్నమాట. ఆగిన ప్రతిసారీ బీపీ ఎగబాకుతుంది. మీ ఫోన్‌లో పది నిమిషాలు రికార్డు చేసి డాక్టరుకు వినిపించండి, నిద్ర పరీక్ష రాస్తారు. ఈలోగా పక్కకు తిరిగి పడుకోవడం, తాగే అలవాటుంటే రాత్రి మద్యం మానడం కొంత పనిచేస్తాయి. నిద్రమాత్రలు వేయకండి. ఆయన బండి నడుపుతూ కునుకు తీసే మనిషైతే పరీక్ష అయ్యేదాకా తాళం మీ దగ్గరే ఉంచుకోండి.

ప్రశ్న: నాకు 35. ఏ జబ్బూ లేదు. 80 పరీక్షల ప్యాకేజీ డిస్కౌంట్‌లో ఉందని రోజూ మెసేజ్‌లు. చేయించుకోవచ్చా? – బ్యాంకు ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: 80 పరీక్షల్లో నాలుగైదు గీత దాటడం మామూలే, దాంతో లేని జబ్బు కోసం తిరగడం మొదలవుతుంది. మీ వయసుకు బీపీ, ఫాస్టింగ్ షుగర్ లేదా హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్ పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చాలు. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్, కిడ్నీ జబ్బు ఉంటే మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష కూడా. ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లు మాత్రం ఏటా ఆ మూత్ర పరీక్ష, కంటి రెటీనా పరీక్ష, పాదాల పరీక్ష వదలకూడదు. ప్యాకేజీల్లో ఈ మూడింట్లో చివరి రెండూ చాలాసార్లు ఉండవు. పరీక్ష ముందు రోజు ఉపవాసం, పథ్యం చేసి అందమైన రిపోర్టు తెచ్చుకోవడంలో అర్థం లేదు, రోజూ తినేదే తిని, రాత్రి నుంచి ఎనిమిది గంటలు కడుపు ఖాళీగా ఉంచుకుని వెళ్లండి.

డబ్బు ఖర్చు లేని పరీక్ష ఇంకొకటుంది, నడుము కొలత. ప్యాంటు సైజు చెప్పకండి. పొట్ట పెరిగాక ప్యాంటు దాని కిందికి దిగిపోతుంది, పదేళ్లుగా 34 సైజే వేస్తున్నామనుకునేవాళ్లు ఎందరో. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. పొట్ట లోపలికి లాగకూడదు, టేపు చర్మాన్ని నొక్కకూడదు. మనవాళ్లకు హద్దు మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు. దాటితే షుగర్ పరీక్ష ఏటా చేయించుకోండి, లోపలుండి మిగతావీ బాగుంటే మూడేళ్లకోసారి చాలు, బీపీ మాత్రం ఏడాదికోసారి.